కోడూరు రాయి, భావనపాడు ఇసుక: కళింగాంధ్ర ఖనిజాల వయసు తేలిన తీరు

టెక్కలికి తూర్పున, భావనపాడు తీరంలో అల వెనక్కి తగ్గిన చోట ఇసుక మీద నల్లటి చారలు పడతాయి. ఆ నలుపులో ఎక్కువ భాగం ఇల్మనైటు, అంటే టైటానియం, ఇనుము కలిసిన ఖనిజం. దానితో పాటు ఎర్రటి గార్నెట్, తెల్లటి సిల్లిమనైటు, కొద్దిపాటి జిర్కాన్, రూటైల్, తేనె రంగు మోనజైటు ఉంటాయి. టైటానియం, జిర్కోనియం, థోరియం తీసేది ఇలాంటి ఇసుకలోంచే. ఈ చార వయసెంత అని అడిగితే భూవిజ్ఞానులు ఒక్క అంకె చెప్పరు. అందులోని మోనజైటు రేణువుల్లో చాలావాటికి వంద కోట్ల ఏళ్లకు దగ్గరగా వయసుంటుంది. ఆ రేణువులు తీరానికి చేరి దిబ్బగా నిలిచి కొన్ని వేల ఏళ్లయింది. చార పడింది మాత్రం ఈ పూటే. మూడు జవాబులూ సరైనవే.

లోహ నిక్షేపాలన్నిటికీ ఈ చిక్కు ఉంది. లోహం ఉన్న రాయి ఒకప్పుడు పుట్టి ఉంటుంది, అందులోకి లోహం మరొకప్పుడు చేరి ఉంటుంది, తవ్వడానికి గిట్టుబాటయ్యేంత చిక్కగా పోగుపడింది ఇంకొకప్పుడై ఉంటుంది. ఏ సంఘటన వయసు కావాలో తెలియాలంటే ముందు నిక్షేపం ఎలా పుట్టిందో తెలియాలి. ఎలా పుట్టిందో తేల్చాలంటే వయసు కావాలి. రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి ఆసరాగా నడుస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మాంగనీసు మీద నూరేళ్లకు పైగా సాగిన చర్చలో ఈ విషయం కనిపించినంత స్పష్టంగా దేశంలో మరెక్కడా కనిపించదేమో.

ఆ మాంగనీసు టెక్కలికి నైరుతిలో చీపురుపల్లి, గరివిడి, గర్భాం చుట్టూ ఉంది. పాత పుస్తకాల్లో ఇవే గనులు ఒకచోట విశాఖపట్నం జిల్లా పేరుతో, మరోచోట శ్రీకాకుళం జిల్లా పేరుతో కనిపించి చదివేవారిని తికమక పెడతాయి. కారణం పాలనా సరిహద్దులు మారడమే. బ్రిటిష్ కాలంలో చీపురుపల్లి విశాఖ జిల్లాలో ఉండేది; టెక్కలి, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండి, 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖ జిల్లాలోకి వచ్చాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా చీపురుపల్లి తాలూకా అందులో చేరింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టడంతో గనులు అటు వెళ్లాయి. 1950ల, 60ల పరిశోధన పత్రాల్లో ‘శ్రీకాకుళం మాంగనీసు’ అని ఉంటే అది ఈ గరివిడి, గర్భాం మాంగనీసే.

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఇక్కడ. 1892లో చీపురుపల్లి దగ్గరి కోడూరులో గని తెరిచారు. అప్పటికి ఐరోపాలో ఉక్కు కర్మాగారాలు పెరుగుతున్నాయి. కరిగిన ఇనుములోని ఆక్సిజన్‌ను, గంధకాన్ని విరగడ చేయడానికి మాంగనీసు కావాలి. అది లేనిదే ఉక్కు వేడి మీద పెళుసుబారుతుంది. 1890ల్లోనే ఈస్ట్ కోస్ట్ రైల్వే వేయడంతో రాయి రేవుకు చేరే దారి ఏర్పడింది. తర్వాత గర్భాం, దేవాడ, ఇంకా చిన్నాపెద్దా గుంటలెన్నో తెరిచారు. అయితే ఈ రాతిలో భాస్వరం ఎక్కువ. భాస్వరం ఉక్కుకు చేటు కనుక సంతలో దీని ధర తగ్గేది. ఆ భాస్వరం ఎందుకుందన్న ప్రశ్న వ్యాపారులకు నష్టం లెక్క. అదే ప్రశ్న భూవిజ్ఞానులకు ఈ నిక్షేపం పుట్టుకను చెప్పే గుర్తుగా ఉపయోగపడింది.

ఈ గనులను మొదట వివరంగా పరిశీలించినవాడు లూయిస్ లీ ఫెర్మోర్. 1902లో భారత భూవిజ్ఞాన సర్వేలో చేరిన ఈ యువకుడు దేశంలోని మాంగనీసు క్షేత్రాలన్నీ తిరిగి, 1909లో సర్వే మెమోయిర్ల 37వ సంపుటంగా పన్నెండు వందల పుటలకు పైబడిన గ్రంథం ప్రచురించాడు. ప్రసిద్ధ యాత్రా రచయిత పాట్రిక్ లీ ఫెర్మోర్ ఈయన కొడుకే. గుంట గుంటకూ కొలతలు, రసాయన విశ్లేషణలు, రాతి పొరల వాలు, ఖనిజాల గుణాలు నమోదైన ఆ గ్రంథం ఈనాటికీ పనికొస్తుంది. అందులోని సిద్ధాంతం నిలవకపోయినా సమాచారం నిలిచింది. శాస్త్రంలో ఇంతకన్నా పెద్ద గౌరవం లేదు.

అప్పటికే ఈ కొండల ప్రధాన శిలకు పేరుంది. గార్నెట్, సిల్లిమనైటు, పలుగు, ఫెల్‌స్పార్, ఒక్కోచోట గ్రాఫైటు కలిసి, వాతావరణానికి మాగి ఎర్రగా, గోధుమరంగుగా కనిపించే రాయి అది. 1902లో టి. ఎల్. వాకర్ కలహండి సంస్థానంలో దాన్ని చూసి, అక్కడి కొండల్లో నివసించే ఖోండు ప్రజల పేరు మీద ఖోండలైట్ అన్నాడు. కోణార్క సూర్యదేవాలయం, సింహాచలం ఆలయం ఆ రాతితో కట్టినవే. మహేంద్రగిరి నుంచి విశాఖ దాకా తూర్పు కనుమల్లో ఖోండలైట్, చార్నోకైట్ అన్న రెండు శిలలే పదేపదే కనిపిస్తాయి. చార్నోకైట్ పేరు వచ్చిన దారి వేరు: కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి మీది ఫలకం ఆ రాతిదని టి. హెచ్. హాలండ్ గుర్తించి ఆ పేరు పెట్టాడు. ఫెర్మోర్ ఈ వరసలోనే రెండు పేర్లు చేర్చాడు. మధ్య భారతంలో మాంగనీసు గార్నెట్, పలుగు కలిసిన రాయికి గోండుల పేరు మీద గోండైట్. కోడూరులో పొటాష్ ఫెల్‌స్పార్, మాంగనీసు గార్నెట్, అపటైటు కలిసిన రాయికి ఊరి పేరు మీద కోడూరైట్. ఒక చిన్న పల్లె పేరు ప్రపంచ శిలాశాస్త్ర నిఘంటువుల్లోకి అలా ఎక్కింది.

గోండైట్ పుట్టుకను ఫెర్మోర్ సరిగానే ఊహించాడు: పూర్వపు సముద్రం అడుగున పేరుకున్న మాంగనీసు బురద తర్వాత వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాయి అది. కోడూరైట్‌ను మాత్రం అగ్నిశిల అన్నాడు. లోతుల్లో కరిగిన శిలాద్రవం ఖోండలైట్ పొరల్లోకి చొరబడి గడ్డకట్టిందనీ, ఆ తర్వాత భూజలం దాన్ని మాగబెట్టగా ఫెల్‌స్పార్ తెల్ల సుద్దగా మారి, గార్నెట్‌లోని మాంగనీసు విడివడి నల్లటి ముడి ఖనిజంగా పోగుపడిందనీ అతని వాదన. అలా అనుకోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి. కోడూరైట్ ముతక రేణువుల రాయి, చూపుకు గ్రానైటు జాతిలా ఉంటుంది. కొన్నిచోట్ల అది పక్క పొరలను అడ్డంగా కోసుకుపోయినట్టు కనిపిస్తుంది. అపటైటు అగ్నిశిలల్లో సాధారణంగా ఉండే ఖనిజం; రాతిలో భాస్వరం ఉండటానికి కారణమూ అదే.

1914లో అమెరికన్ శిలాశాస్త్రవేత్త విట్‌మన్ క్రాస్ ఈ కోడూరైట్ శ్రేణిని అగ్నిశిలల వర్గీకరణలో ఎలా ఇమడ్చాలని ప్రశ్నించాడు. అంత మాంగనీసు ఉన్న శిలాద్రవం ప్రపంచంలో మరెక్కడా లేకపోవడం మొదటి ఇబ్బంది. అసలు పరీక్ష క్షేత్రంలో జరగాలి. నిక్షేపం పుట్టుక తేల్చే పనిలో యంత్రాలకన్నా ముందు వచ్చేవి సుత్తి, దిక్సూచి, నోట్‌బుక్కు. మాంగనీసు పొర చుట్టూ ఉన్న పొరలతో సమాంతరంగా సాగుతోందా, వాటిని కోస్తోందా అని చూస్తారు. సమాంతరంగా సాగి, వాటితో పాటే మడతలు పడితే అది మడతకు ముందే అక్కడుందని అర్థం. కోసుకుపోతే తర్వాత వచ్చిందని అర్థం. గర్భాం, గరివిడి ప్రాంతాల్లో పటాలు గీసిన కొద్దీ మాంగనీసు పొరలు ఎక్కువచోట్ల ఖోండలైట్, క్వార్ట్జైట్, సున్నపు గ్రాన్యులైట్ పొరల మధ్య వాటితో సమాంతరంగా, వాటితో పాటే మడతపడి కనిపించాయి. క్వార్ట్జైట్ ఒకప్పటి ఇసుక. సున్నపు గ్రాన్యులైట్ ఒకప్పటి సున్నపు బురద. ఖోండలైట్ ఒకప్పటి బంకమన్ను. వీటి మధ్య వరసలో ఉన్న మాంగనీసు కూడా సముద్రం అడుగున పేరుకున్నదేనని అనుకోవడం సహజం.

సముద్రంలో మాంగనీసు పేరుకునే తీరు రసాయనంగా సులువుగానే అర్థమవుతుంది. ఆక్సిజన్ కొరవడిన లోతు నీటిలో మాంగనీసు కరిగి ఉంటుంది. ఆ నీరు గాలి తగిలే మెరక జలాల్లోకి ఎక్కినప్పుడు మాంగనీసు ఆక్సైడుగా మారి అడుగుకు దిగుతుంది. నేటి నల్ల సముద్రంలో లోతున ఆక్సిజన్ లేని నీరు, పైన ఆక్సిజన్ ఉన్న నీరు కలిసే హద్దు దగ్గర ఇదే జరుగుతోంది. 1872-76 మధ్య సముద్రాలు తిరిగిన చాలెంజర్ నౌక లోతుల్లోంచి పైకి తీసిన మాంగనీసు ఉండలూ సముద్రజలంలోంచి పేరుకున్నవే. భాస్వరం కూడా సముద్రపు అవక్షేపాల్లో చేరుతుంది కనుక అపటైటు ఉందన్న ఒక్క కారణంతో రాయి అగ్నిశిల కానక్కర్లేదు.

ఈ చర్చ తెలుగు నేల మీద వేళ్లూనింది 1941లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖ మొదలయ్యాక. శాఖను నిర్మించిన ఆచార్య సి. మహదేవన్ సి. వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చినవారు. భౌతికశాస్త్రం తెలిసిన భూవిజ్ఞాని. ఆయన, జె. ఎస్. ఆర్. కృష్ణారావు కలిసి విశాఖ, శ్రీకాకుళం మాంగనీసు పుట్టుక మీద రాసిన పత్రం 1956లో మెక్సికోలో జరిగిన అంతర్జాతీయ భూవిజ్ఞాన కాంగ్రెస్ మాంగనీసు సదస్సు సంపుటాల్లో చేరింది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన సుప్రియ రాయ్ 1966లో భారతదేశపు మాంగనీసు అవక్షేపాల మీద, 1981లో ప్రపంచ మాంగనీసు నిక్షేపాల మీద గ్రంథాలు రాసి అవక్షేప వాదాన్ని గట్టిపరిచాడు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే చిత్రం ఇది: మాంగనీసు బురద బంకమన్నుతో, ఇసుకతో, సున్నంతో పాటు పేరుకుంది, తర్వాత భూమి లోతుకు దిగి తీవ్రమైన వేడికి గురైంది, ఆ వేడిలో పక్క రాళ్లు కొంత కరగగా ఫెల్‌స్పార్ నిండిన ద్రవం మాంగనీసు పొరల్లోకి ఇంకింది. ఆ కలయికే కోడూరైట్. ఫెర్మోర్ చూసిన అగ్నిశిల లక్షణాలు నిజంగానే అక్కడున్నాయి. అవి మాంగనీసును తెచ్చిన ద్రవానివి కావు, తర్వాత వచ్చి చేరిన ద్రవానివి.

ఆ వేడికి మరో సాక్ష్యం గరివిడి రాతిలోనే ఉంది. ఫెర్మోర్ తన సహోద్యోగి ఎర్నెస్ట్ వ్రెడెన్‌బర్గ్ పేరు మీద వ్రెడెన్‌బర్గైట్ అన్న అయస్కాంత గుణం గల ఖనిజం అక్కడ దొరుకుతుంది. దాన్ని అద్దంలా నునుపు పట్టి, కాంతి పరావర్తనంతో చూసే సూక్ష్మదర్శిని కింద పెడితే అది ఒక ఖనిజం కాదని తేలింది. జాకబ్సైటు, హాస్మనైటు అన్న రెండు ఖనిజాల పలుచటి రేకులు నేత నేసినట్టు అల్లుకుని ఉంటాయి. బాగా వేడిగా ఉన్నప్పుడు ఈ రెండూ ఒకే ఘన ద్రావణంగా ఉంటాయి; నెమ్మదిగా చల్లారేటప్పుడు విడిపోయి రేకులు కడతాయి. ఉపరితలంలో నీటి వల్ల పుట్టిన ఖనిజంలో ఈ అల్లిక రాదు. అరచేతిలో పట్టే ఒక రాతిముక్క తాను లోతున ఉడికి, మెల్లగా చల్లారిన కథను ఇంత వివరంగా దాచుకోవడం ఈ విద్యలోని గొప్ప ఆకర్షణ.

తవ్వకందారుకు దొరికే నల్లటి మేలు రకం రాయి చాలావరకు మూడో దశది. కొండలు పైకి లేచి, పై పొరలు కొట్టుకుపోయి, వాన నీరు మాంగనీసు గార్నెట్‌ను తాకాక సిలోమెలేన్, క్రిప్టోమెలేన్, పైరోలుసైటు వంటి ఆక్సైడులు పుట్టాయి. వాటి పక్కన ఫెల్‌స్పార్ మిగిల్చిన సుద్ద ఉంటుంది. ఈ భాగంలో ఫెర్మోర్ చెప్పింది నేటికీ నిలుస్తోంది. లోతుకు పోయేకొద్దీ ఈ మెత్తటి ఆక్సైడులు తగ్గి గట్టి రాయి తగలడం గనుల్లో పనిచేసినవారికి అనుభవమే.

ఇక ఏళ్ల లెక్క. ఫెర్మోర్ గ్రంథం వచ్చిన కాలానికి రాతి వయసు కొలిచే పద్ధతి ఇంకా పొత్తిళ్లలో ఉంది. 1907లో అమెరికన్ రసాయనవేత్త బోల్ట్‌వుడ్ యురేనియం ఖనిజాల్లో సీసం ఎంత పోగుపడిందో కొలిచి వాటి వయసు లెక్కగట్టాడు. సింహళపు థోరియనైటు కూడా అతని నమూనాల్లో ఉంది. 1911లో లండన్‌లో ఆర్థర్ హోమ్స్ ఆ లెక్కను ఇంకా పకడ్బందీ చేశాడు. 1913లో జోలీ, రూథర్‌ఫర్డ్ మరో దారి ప్రయత్నించారు. అభ్రకంలో ఇరుక్కున్న రేడియోధార్మిక రేణువు చుట్టూ కాలక్రమంలో రంగు వలయం ఏర్పడుతుంది. దాని ముదురుదనాన్ని బట్టి కాలం చెప్పవచ్చా అని చూశారు. అంకెలు నిక్కచ్చిగా రాలేదు కానీ ఆ వలయాలు పరిశోధకులను ఆకట్టుకున్నాయి. 1927లో మహదేవన్ కార్డియరైటు అనే ఖనిజంలో కనిపించే ఇలాంటి వలయాల మీదే పత్రం రాశారు. తర్వాత విశాఖలో ఆయన శిష్యులు రేడియోధార్మికత వైపు మొగ్గు చూపడానికి బీజం అక్కడ పడింది.

సూత్రం మాత్రం అందరికీ అర్థమయ్యేదే. యురేనియం-238 సగం తరిగి సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కు 70 కోట్లు, థోరియం-232కు దాదాపు 1400 కోట్లు, పొటాషియం-40లో సగం ఆర్గాన్, కాల్షియంగా మారడానికి 125 కోట్లు పడుతుంది. వేడి, ఒత్తిడి, రసాయన చర్య ఏదీ ఈ వేగాన్ని మార్చలేదు. ఖనిజంలో తల్లి మూలకం ఎంత మిగిలింది, పిల్ల మూలకం ఎంత పోగుపడింది అన్నది కొలిస్తే కాలం తెలుస్తుంది. అయితే పిల్ల మూలకం మొదటి నుంచీ కొంత ఉండకూడదు, మధ్యలో బయటికి పోకూడదు. ఈ రెండు షరతులకూ జిర్కాన్ చక్కగా ఒదుగుతుంది; స్ఫటికం కట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. మోనజైటు థోరియాన్ని దండిగా పట్టుకుంటుంది.

1955లో హోమ్స్ భారత ద్వీపకల్పం, సింహళాల ప్రాచీన శిలల కాలనిర్ణయం మీద సమీక్ష రాసినప్పుడు చేతిలో ఉన్న అంకెలు వేళ్ల మీద లెక్కించేన్ని. ఆ కొరత తీర్చడానికి పూనుకున్నవారిలో మహదేవన్ శిష్యుడు ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ ముఖ్యుడు. 1964లో ఆయన తూర్పు కనుమల, కడప శిలల ఐసోటోపు వయసులను అమెరికన్ భూభౌతిక పత్రికలో ప్రచురించారు. తర్వాత టాంజానియా, మొజాంబిక్ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పారు. 1986లో గ్రూ, మాంటన్ అనే పరిశోధకులు తూర్పు కనుమల ఖనిజాలకు వంద కోట్లకు కాస్త తక్కువ వయసు చూపి, అదే వయసున్న అంటార్కిటికా శిలలతో వీటిని జతచేశారు. 1999లో మెజ్గర్, కోస్కా అనేక ఖనిజాలను విడివిడిగా కొలిచి, సుమారు 96 కోట్ల ఏళ్ల నాటి మహా తాపాన్నీ, 50 నుంచి 55 కోట్ల ఏళ్ల నాటి మరో వేడి ఘట్టాన్నీ వేరుచేశారు. దాదాపు 13 కోట్ల ఏళ్ల కింద విడిపోయే దాకా మహేంద్రగిరి వైపు కొండలూ, నేడు మంచు కప్పిన ఆ అంటార్కిటికా తీరపు కొండలూ ఒకే పర్వత శ్రేణిలో ఉండేవి.

ఒకే కొండ రాయికి వేర్వేరు వయసులు రావడాన్ని చాలాకాలం కొలతల లోపమనుకున్నారు. అది లోపం కాదు. ఒక్కో ఖనిజం ఒక్కో ఉష్ణోగ్రత కంటే చల్లారాకే పిల్ల మూలకాన్ని నిలుపుకోగలదు. జిర్కాన్ 900 డిగ్రీల దగ్గర కూడా సీసాన్ని వదలదు. హార్న్‌బ్లెండ్ ఆర్గాన్‌ను పట్టి ఉంచడం 500 డిగ్రీల చుట్టూ మొదలవుతుంది. నల్ల అభ్రకానికి అది 300 డిగ్రీలకు వస్తుంది. కాబట్టి జిర్కాన్ వయసు స్ఫటికం కట్టిన కాలం, అభ్రకం వయసు రాయి చల్లారిన కాలం. రెంటినీ కలిపి చదివితే కొండ ఎంత నెమ్మదిగా చల్లారిందో కూడా తెలుస్తుంది.

గర్భాం మాంగనీసు వయసును దీన్నిబట్టి ఇలా కట్టాలి. బురద పేరుకున్న కాలాన్ని సూటిగా కొలిచే గడియారం మాంగనీసు ఆక్సైడులో లేదు. అది మహా తాపం కంటే పాతదని, అంటే సుమారు వంద కోట్ల ఏళ్లకు ముందుదని ఒక హద్దు దొరుకుతుంది. మరో హద్దు పక్క పొరల్లోని జిర్కాన్ రేణువుల నుంచి రాబట్టే పద్ధతి ఉంది: పాత కొండల నుంచి కొట్టుకొచ్చి ఇసుకలో పడిన రేణువుల్లో అన్నిటికన్నా చిన్న వయసు దానికంటే ముందు ఆ పొర పేరుకొని ఉండదు. మూడో దశ, అంటే నేల మీద మాగి నల్ల రాయి పుట్టిన కాలం, కొలవడానికి క్రిప్టోమెలేన్ పనికొస్తుంది. దాని నిర్మాణంలో పొటాషియం ఉంటుంది కనుక ఆర్గాన్ లెక్క వేయవచ్చు. 2014లో ఒక ఫ్రెంచ్, భారతీయ బృందం కర్ణాటకలోని సండూరు మాంగనీసు మీద ఈ పద్ధతి వాడగా, ముమ్మరంగా మాగిన కాలం సుమారు 3.6 నుంచి 2.6 కోట్ల ఏళ్ల కిందటిదని తేలింది. సండూరు ఆతిథేయ శిలలు రెండు వందల కోట్ల ఏళ్లు దాటినవి. తల్లి రాయికీ తవ్వే రాయికీ మధ్య ఎంత ఎడం ఉండగలదో ఈ అంకెలు చూపిస్తాయి.

మిగతా లోహాలకు వేరే గడియారాలున్నాయి. సీసపు ఖనిజం గెలీనాలో యురేనియం ఉండదు కనుక అందులోని సీసపు ఐసోటోపుల నిష్పత్తి అది పుట్టిన రోజున ఉన్నట్టే ఉండిపోతుంది. 1946లో హోమ్స్, హౌటర్‌మాన్స్ విడివిడిగా ఈ గుణాన్ని వాడి కాలం లెక్కించే దారి చూపారు. మాలిబ్డినైటులో రీనియం ఆస్మియంగా మారుతుంది. ఖనిజ స్ఫటికాల్లో చిక్కుకున్న కంటికానని ద్రవపు బుడగలను వేడి చేసి, లోపలి గాలి బుడగ ఏ వేడి దగ్గర మాయమవుతుందో చూస్తే లోహాన్ని మోసుకొచ్చిన వేడినీటి ఉష్ణోగ్రత అంచనాకు వస్తుంది. ఖనిజం నేరుగా లొంగనప్పుడు దాన్ని కోసిన రాయిని కొలుస్తారు. కడప బేసిన్‌లో పులివెందుల సిల్ అన్న అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తేలాక, అది చొచ్చుకెళ్లిన పొరలన్నీ అంతకంటే పాతవని స్థిరపడింది.

భావనపాడు ఇసుకకు ఈ పద్ధతులు తలకిందులుగా వర్తిస్తాయి. ఇక్కడ రేణువు వయసు సులువు, పోగు వయసు కష్టం. మన దేశపు తీర ఇసుకలోని మోనజైటు లోకానికి తెలిసింది 1909లో. తిరువాన్కూరు నుంచి ఐరోపాకు వెళ్లిన కొబ్బరి పీచుకు అంటిన ఇసుకలో జర్మన్ రసాయనవేత్త షోంబర్గ్ మోనజైటును గుర్తించి, దాన్ని వెతుక్కుంటూ మనవాలకురిచ్చి తీరానికి వచ్చాడు. శ్రీకాకుళం తీరంలో కొబ్బరి తోటలు, పీచు పనులు ఉన్న ఉద్దానం వారికి ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. పీచు నానబెట్టి, ఆరబోసే చోట ఇసుక అంటకుండా ఉండదు. విశాఖ జిల్లా తీరపు ఇసుకలో మోనజైటు గురించి మహదేవన్, శ్రీరామదాసు 1948లో రాశారు. మరుసటి ఏడే మొదలై, ఇప్పుడు హైదరాబాదు కేంద్రంగా ఉన్న అణు ఖనిజాల సంస్థ ఆ తర్వాత భీమునిపట్నం, శ్రీకూర్మం, కళింగపట్నం, భావనపాడు తీరాలను పరిశీలించింది. ఇచ్ఛాపురానికి ఉత్తరాన గంజాం జిల్లా ఛత్రపూర్‌లో ఇదే జాతి ఇసుక నుంచి ప్రభుత్వ సంస్థ ఖనిజాలు వేరు చేస్తోంది.

ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది అందులోని తోడు ఖనిజాలే. ఈ తీరంలో గార్నెట్, సిల్లిమనైటు దండిగా ఉంటాయి. రెండూ ఖోండలైట్‌లోవి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ నదులు ఖోండలైట్ కొండలను అరగదీసి తెస్తున్నాయనడానికి అవే గుర్తులు. కేరళలోని చవర ఇసుకతో పోలిస్తే మరో తేడా తెలుస్తుంది. చవర ఇల్మనైటులో టైటానియం డయాక్సైడు 60 శాతం దాకా ఉండగా ఛత్రపూర్‌లో 50 శాతం దగ్గరే ఆగుతుంది. స్వచ్ఛమైన ఇల్మనైటులో ఉండవలసింది 52.7 శాతం. చవరలో దీర్ఘకాలపు వాన, వేడి రేణువుల్లోంచి ఇనుమును కడిగేసి టైటానియాన్ని చిక్కబరిచాయి. ఇక్కడి రేణువులు దాదాపు కొండ నుంచి ఊడివచ్చిన స్థితిలోనే ఉన్నాయి.

మోనజైటు రేణువును కొలవడానికి రసాయనంగా కరిగించక్కర్లేదు. అందులో పుట్టుకనాటి సీసం ఉండదన్నంత తక్కువ. అందుకే ఎలక్ట్రాన్ కిరణంతో థోరియం, యురేనియం, సీసం మొత్తాలు కొలిస్తే చాలు, ఐసోటోపులు వేరుచేయకుండానే వయసు వస్తుంది. కిరణం వెడల్పు కొన్ని మైక్రాన్లే కనుక ఒకే రేణువు నడిబొడ్డునూ అంచునూ వేర్వేరుగా కొలవవచ్చు. తూర్పు కనుమల మోనజైటులో 95 నుంచి 100 కోట్ల ఏళ్ల భాగాలు, కొన్నిచోట్ల 50 నుంచి 55 కోట్ల ఏళ్ల భాగాలు కనిపించేది ఇందువల్లనే. చెట్టు వలయాల్లా కొండ చరిత్ర రేణువులో పొరలు పొరలుగా నిలిచి ఉంటుంది.

పోగు మాత్రం నిన్నమొన్నటిది. సుమారు 20 వేల ఏళ్ల కింద, మంచుయుగపు ముమ్మరంలో సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల దిగువన ఉండేది. తీరం చాలా తూర్పుకు జరిగి, నదులు అక్కడిదాకా ఇసుక మోసేవి. మంచు కరిగి సముద్రం పైకి వచ్చి, ఆరేడు వేల ఏళ్ల కింద దాదాపు నేటి మట్టానికి చేరింది. ఆ తర్వాతే అలలు, గాలి కలిసి తీరం వెంబడి దిబ్బల వరసలు కట్టాయి. అల ఇసుకను ఒడ్డుకు ఎక్కిస్తుంది. వెనక్కి జారే నీరు తేలికైన పలుగును తీసుకుపోతుంది. పలుగు సాంద్రత 2.65, ఇల్మనైటు 4.7, మోనజైటు 5 చుట్టూ, బరువైనవి వెనకబడిపోతాయి. ప్రతి రుతువులో ఈ చెరుగుడు జరుగుతుంది. తుఫానులో ఒక్క రాత్రిలోనే ఏళ్ల పని జరుగుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుఫాను దిబ్బ కోసిన చోట నల్ల పొరలు నిలువుగా బయటపడతాయి.

దిబ్బ వయసుకు వాడే గడియారం పలుగు రేణువే. నేలలో కప్పబడిన పలుగు చుట్టూ ఉన్న రేడియోధార్మికత నుంచి శక్తిని కొద్దికొద్దిగా దాచుకుంటుంది. ఎండ తగిలితే ఆ దాచుకున్నది ఖాళీ అవుతుంది. చీకట్లో తీసిన నమూనాకు ప్రయోగశాలలో కాంతి తగిలించి, వెలువడే వెలుగును కొలిస్తే, చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. మోనజైటు ఉన్న ఇసుకలో పరిసర రేడియోధార్మికత మామూలు కన్నా ఎక్కువ కనుక ప్రతి పొరకూ దాన్ని వేరుగా కొలవాలి. లేకుంటే దిబ్బ ఉన్నదానికన్నా ముసలిదిగా కనిపిస్తుంది. పొరల్లో దొరికే గవ్వలు, చిప్పల రేడియోకార్బన్ వయసు దీనికి సరిచూపు.

సోంపేట, సంతబొమ్మాళి వైపు తీరానికి లోపలగా దిబ్బల వరసలు, వాటి మధ్య బీల, తంపర అని పిలిచే పల్లపు నేలలు ఒకదాని వెనక ఒకటి సాగుతాయి. ఒక్కో వరస ఒకప్పటి సముద్రపు అంచు. మామూలుగా సముద్రానికి దగ్గరి వరస కొత్తది, బీల దాటి లోపలున్నది పాతది. అందుకే అన్వేషకులు బావులలా తవ్వి, నీటి మట్టం దిగువకూ బరమాలు దించి, ఒక్కో వరసలోని బరువు ఖనిజాల పాలు విడివిడిగా లెక్కగడతారు. ఒడ్డు మీది పలుచటి నల్ల చారను ఆ లెక్కలో వేరుగా ఉంచుతారు, వచ్చే పెద్ద పోటుకు అది అక్కడ ఉండదు కనుక.